ముప్పై ఆకారాల గొర్రెపిల్ల

ఒక గొర్రెపిల్లకు ముప్పై ఆకారాలు పట్టాయి. ఆ లెక్క నా డైరీలో ఉంది. ఒంటికి కోడిగుడ్డు ఆకారం ఒకటి, దాని చుట్టూ ఉన్నికి ఏడు వృత్తాలు, తలకు ఒకటి, చెవులకు రెండు, చెవుల లోపలి గులాబీ రంగుకు ఇంకో రెండు, కాళ్లకు నాలుగు, గిట్టలకు నాలుగు, కళ్లకు మూడేసి చొప్పున ఆరు, ముక్కుకు ఒకటి, తోకకు ఒకటి, ముందరి మోకాలి మీది నల్ల మచ్చకు ఒకటి.

నేను ముప్పై మూడేళ్లు ప్రభుత్వ కార్యాలయంలో కాలువల పటాలు గీశాను. గీత అంటే ఒక చోట మొదలై ఇంకో చోట ఆగేదని నమ్మి బతికాను. కంప్యూటర్లో బొమ్మ వేయడమంటే ఆకారం మీద ఆకారం పేర్చడమని డెబ్బై దాటాక నేర్చుకున్నాను. నేర్చుకోవలసి రావడానికి కారణం మా చెల్లెలు.

ఆమె సిరిసిల్లలో ఉంటుంది. ఆమె, కోడలు కలిసి పసిపిల్లలకు పొత్తిగుడ్డలు, ఊయల గుడ్డలు, చిన్న బొంతలు కుడతారు. ఇన్నాళ్లూ వాటి మీద ఏ గుర్తూ లేదు. దుకాణాలవాళ్లు గుర్తు కావాలన్నారట. అచ్చు వేసే అతను, బొమ్మ వెక్టర్‌లో ఉంటే తెమ్మన్నాడట. ఆ మాట కోడలు కాగితం మీద రాసుకుని ఫోన్లో చదివింది. తర్వాత చెల్లె ఫోన్ తీసుకుంది.

"అన్నా, గది నువ్వే గీయాలె."

"నేను కాలువలు గీసిన చెల్లె, బొమ్మలు గాదు."

"కాలువ గీసినోనికి గొర్రెపిల్ల రాదా? నాలుగు కాళ్లు, ఒక తోక."

"గొర్రెపిల్లనా?"

"పోచమ్మ తీసుకున్న పిల్ల. యాదికున్నదా? గట్లాంటిది."

యాదికున్నదని చెప్పాను.

జగిత్యాలలో మా ఇంటికి రెండు వీధుల అవతల పెండ్లిపత్రికలు, ఫ్లెక్సీలు చేసే చిన్న దుకాణం ఉంది. నడిపే ఆమెకు ముప్పై అయిదేళ్లుంటాయి. రోజూ కొడిమ్యాల నుంచి బస్సులో వస్తుంది. పొద్దున పది నుంచి పన్నెండు దాకా గిరాకీ తక్కువ. ఆ రెండు గంటలు మూలకున్న పాత కంప్యూటర్ ముందు నన్ను కూర్చోనిచ్చింది.

"నేనే గీసిస్త సారూ. అర్ధగంట పని," అంది మొదటి రోజు.

"మా చెల్లె నన్ను గీయమన్నది."

"గట్లయితే ఏడాది పట్టినా గీయుండ్రి. కుర్చీ కాలు ఊగుతది, జర చూస్కొని కూసోండ్రి."

ట్రేసింగ్ కాగితం మీద అలవాటైన పద్ధతిలో వీపు గీతతో మొదలుపెట్టాను. మౌస్ నా చేతి మాట వినలేదు. ఆమె వెనక నిలబడి చూసింది.

"గిది గొర్రెనా సారూ, గుట్టనా? మెట్లు పెడితే జనం ఎక్కుతరు."

"చెయ్యి తిరుగుతలేదు."

"చెయ్యి గాదు. మీరు గీత గీస్తున్నరు. గీత వద్దు. సున్నా వెయ్యుండ్రి. సున్నా మీద సున్నా. అన్ని కలిపితే గొర్రె అయితది."

నిజమే. ఆమె చూపించిన పద్ధతి నాకు నచ్చింది. ఏడు వృత్తాలు ఒకదాన్నొకటి తాకేటట్టు పెట్టి, అన్నింటినీ పట్టుకుని 'కలుపు' అంటే లోపలి అంచులు మాయమై ఉన్ని మబ్బులా మిగులుతుంది. ఒక ఆకారం మీద ఇంకోటి పెట్టి 'తీసివెయ్యి' అంటే పై ఆకారం ఎంత మేర కప్పిందో అంత మేర కింది ఆకారం తెగిపోతుంది. ఏది ముందు, ఏది వెనక అని వరస పెట్టుకోవచ్చు. వృత్తం లోపల కంప్యూటర్ దాచుకునేది గీతను కాదు, నాలుగు చుక్కలను, వాటి మధ్య వంపు ఎంతో చెప్పే లెక్కను. వెక్టర్ అంటే అదేనట.

"అందుకే గిది ఎంత సాగదీసినా పలగదు," అంది ఆమె. "గోరంత చెయ్యుండ్రి, గోడంత చెయ్యుండ్రి. అంచు అంచులెక్కనే ఉంటది."

ఇంటికి వచ్చి ఆ రోజు నేర్చుకున్నవి అంకెలు వేసి డైరీలో రాసుకునేవాణ్ని. మరుసటి రోజు ఆ పేజీ చూసుకుంటూ పని చేసేవాణ్ని. ఒంటికి రెండు రోజులు, కాళ్లకు ఒక రోజు పట్టింది. నాలుగో రోజు కళ్లు.

కన్నంటే తెల్ల వృత్తం, దాని మీద నల్లది, నల్లదాని మీద ఆవగింజంత తెల్ల చుక్క. ఆ చుక్క పెట్టేదాకా అది బొమ్మే. చుక్క పెట్టగానే చూడడం మొదలుపెట్టింది. నల్ల వృత్తాలను కొంచెం పక్కకు జరిపాను, తలుపు దిక్కు చూస్తుందని. తలుపు దిక్కు చూడలేదు. నేను ఏ పక్కకు వంగితే ఆ పక్కకు చూసింది. పెండ్లికొడుకుల ముఖాలు, పుట్టినరోజు ఫ్లెక్సీల నాయకుల ముఖాలు నిండిన ఆ తెర మీద, అన్నింటి మధ్యనుంచి అది నన్నే చూసింది. ఆ రోజు పన్నెండు కాకముందే లేచి వచ్చేశాను. డైరీలో 'కళ్లు పూర్తి' అని మాత్రం రాశాను.

ఆ పిల్లకూ నాకూ మధ్య ఉన్నదేమిటో ఇక్కడ చెప్పాలి.

మా ఊరు కోరుట్ల దగ్గర. మా బాపు కల్లు గీయడానికి తాళ్లు, అంటే తాటిచెట్లు, ఎక్కేవాడు. నాన్నను మేం బాపు అని, అమ్మను అవ్వ అని పిలిచేవాళ్లం. నాకు పదకొండేళ్లు, చెల్లెకు ఏడేళ్లు ఉన్నప్పుడు మా గొర్రె ఈని రెండు పొట్టేలు పిల్లలు పుట్టాయి. తెల్లగా, ఒకే తీరుగా ఉండేవి. ఒకదానికి కుడి ముందుకాలి మోకాలి మీద నల్ల మచ్చ, ఇంకోదానికి ఎడమకాలి మీద. తల్లి దగ్గర పాలు రెండింటికీ సరిపోలేదు. ఎడమకాలి మచ్చదానికి చెల్లె గంజి తాగించి బతికించింది. గుడ్డ పీలికను గంజిలో ముంచి నోట్లో పెట్టేది. అది ఆమె వెంటే తిరిగేది. ఆమె పడుకున్న గోనెపట్టా అంచు నమిలేది.

తర్వాత చెల్లెకు అమ్మవారు పోసింది. ఒళ్లంతా పొక్కులు, కళ్లు తెరవలేదు. గుమ్మానికి వేపమండలు కట్టారు. అవ్వ ఆ గుమ్మం దగ్గరే కూర్చుని పోచమ్మకు మొక్కింది, బిడ్డను విడిచిపెడితే యాటను బలి ఇస్తానని. మొక్కిన జీవానికి చెవి కొసన గాటు పెడతారు. గాటు పడ్డాక అది ఇంటిది కాదు, దేవతది. అమ్మకూడదు, మార్చకూడదు, ఇంకోదాన్ని బదులు పెట్టకూడదు. గాటు ఇంటి మగవాడు తానం చేసి తడిబట్టలతో పెట్టాలి. బాపు తాళ్ల మీదికి పోయాడు. అవ్వ చెల్లెను విడిచి రాలేదు.

"కుడికాలు మచ్చది. ఎడమకాలుది చెల్లెది, దాన్ని ముట్టకు," అంది అవ్వ.

బాపు దగ్గర తాళ్లు గీసే కత్తులు రెండుండేవి. వాటిని రోజూ చెక్క మీద రాతిపొడి చల్లి నూరేవాడు. ఇంట్లో ఉన్న కత్తి తీసుకున్నాను. రెండు పిల్లలూ ఒకే గుంజకు కట్టి ఉన్నాయి. నా దిక్కే మొహాలు పెట్టి నిలబడ్డాయి. నా కుడిచేతి పక్కన దేనికి మచ్చ కనబడిందో దాన్ని పట్టుకున్నాను. కత్తి పదునుది, చెవి పల్చటిది. అది ఒక్కసారే అరిచింది.

విడిచిపెట్టగానే అది తిరిగి, నా తొడకు ఆనుకుని, నేను చూస్తున్న దిక్కే మొహం పెట్టి నిలబడింది. మచ్చ ఎడమకాలికి ఉంది.

నాకు తెలియడానికి ఒక్క నిమిషం కూడా పట్టలేదు. ఈ మాట ఇన్నేళ్లలో ఎక్కడా రాయలేదు కాబట్టి ఇప్పుడు స్పష్టంగా రాస్తున్నాను. అప్పుడు నేను ఆలోచించింది ఇది: గాటు పడ్డదాన్ని వెనక్కి తీసుకోలేం. అసలుదానికి కూడా గాటు పెడితే రెండూ పోతాయి. చెప్తే బాపు కొడతాడు, చెప్పినందువల్ల పిల్ల తిరిగి రాదు. కత్తి కడిగి చూరులో పెట్టాను.

చెల్లెకు నయమైంది. తానం పోసి బయటికి తెచ్చిన రోజు మొదట ఆ పిల్ల దగ్గరికే పోయింది. చెవి చూసింది.

"అవ్వా, దీనికి చెవి కోసిండ్రేంది? గిది నాది గదా."

అవ్వ వచ్చి వంగి దాని కాలు చూసింది. తర్వాత నన్ను చూసింది.

"నువ్వు చెప్పినదాన్నే కోసిన," అన్నాను.

అవ్వ చాలాసేపు ఆ మచ్చ మీద చెయ్యి పెట్టి కూర్చుంది. నా మాట అబద్ధమని ఆమెకు తోచలేదు. తోచింది వేరే. "అయితే అమ్మనే మార్చుకున్నది బిడ్డా," అంది చెల్లెతో. "మనం మొక్కింది ఒకటి, ఆమె తీసుకున్నది ఒకటి. మనకు పానమైందే ఆమె ఏరుకుంటది."

ఆ ఏడు పోచమ్మ బోనాలకు ఆ పిల్ల పోయింది. నేను రాసుకోవడం మొదలుపెట్టింది ఆ ఏడే. బడి నోటుపుస్తకంలో వెనక పేజీల్లో రాసేవాణ్ని. అందులో ఇలా ఉంది: 'నేడు పోచమ్మకు యాటనిచ్చినారు. చెల్లె అన్నం తినలేదు.' అంతే.

చెల్లె పెరిగి పెద్దదై సిరిసిల్లకు కోడలుగా వెళ్లింది. ఆమెకు ఆశ లేదని, దేని మీదా మోజు లేదని బంధువులందరూ మెచ్చుకునేవాళ్లు. కొత్త చీర తెస్తే ముందు ఆడబిడ్డకు కట్టించి తర్వాత తాను కట్టేది. దేన్నీ నాది అనగా నేను వినలేదు. కొడుకు పుట్టినప్పుడు చూడబోతే, "గీ ఇంట్ల పోరడు, చూడుండ్రి," అని నా చేతుల్లో పెట్టి తల తిప్పుకుంది. నేను దాన్ని ఆమె స్వభావమనుకున్నాను. అలా అనుకోవడం నాకు సులువుగా ఉండేది.

ఉద్యోగంలో చేరిన మొదటి వారం మా పెద్ద డ్రాఫ్ట్స్‌మన్ అడిగాడు, కాలువకు ఎడమ గట్టు ఏదని. నేను పటం చూసి చేయి పెట్టాను. "నువ్వు యాడ నిలబడ్డవన్నది గాదు. నీళ్లు పోయే దిక్కు మొహం పెట్టి నిలబడు, అప్పుడు చెప్పు," అన్నాడు. ఆ రోజు మధ్యాహ్నం అన్నం డబ్బా విప్పకుండానే ఇంటికి తెచ్చాను. తర్వాత ముప్పై మూడేళ్లలో నా పటాల్లో ఎడమ కుడి ఒక్కసారీ తప్పు పోలేదు. పై అధికారులు ఆ మాట సభలో కూడా చెప్పారు. నేను తల దించుకుని విన్నాను.

మళ్లీ దుకాణానికి వస్తాను. ముప్పైవ ఆకారం, మచ్చ, ఎడమకాలికే పెట్టాను. పిల్ల మనకు ఎదురుగా నిలబడి ఉంది కాబట్టి తెర మీద అది కుడి పక్కన కనబడుతుంది. బొమ్మ పూర్తయిందని ఆమెను పిలిచాను. ఆమె చూసి బాగుందంది.

"బట్ట మీద అచ్చు వేస్తరు గదా సారూ? కాగితం మీద కొట్టి, బట్ట మీద పెట్టి ఇస్త్రీ లెక్క వత్తుతరు. అప్పుడు బొమ్మ తిరుగవడతది. మనమే ముందు తిప్పి పెట్టాలె."

నా భుజం మీదుగా చేయి చాపి ఒక్కసారి నొక్కింది. మచ్చ ఈ కాలి మీదినుంచి ఆ కాలి మీదికి వెళ్లింది. కళ్లు మాత్రం అలాగే ఉన్నాయి, నా మీద. నేను లేచి బయటికి వచ్చి మెట్టు మీద కూర్చున్నాను. ఆమె నీళ్ల సీసా తెచ్చింది.

"ఏమైంది సారూ? బీపీ గోళి ఏసుకోలేదా?"

"ఏసుకున్న."

"మరి గట్ల చెమట పట్టిందేంది?"

"మళ్ల మొదటి తీరుగ చెయ్యమ్మా. అచ్చు వేసేటాయననే తిప్పుకోనీ."

ఆ రోజే బొమ్మను కోడలి ఫోన్‌కు పంపాం. సాయంత్రం చెల్లె ఫోన్ చేసింది.

"మంచిగున్నది అన్నా. పానమున్నట్టే ఉన్నది. గని చెవి గాటేది?"

"పసిపిల్లల బట్టల మీద గాటెందుకే? మంచిగుండది."

"గాటు లేకుంటే గది ఏ గొర్రెనో. గాటుంటేనే పోచమ్మది. పోచమ్మదయితేనే ఆ గుడ్డల పండుకున్న పోరగాండ్లు సల్లగుంటరు." మళ్లీ తనే అంది. "కుడి చెవికి ఉండె. నాకు యాదికున్నది."

ఆమెకు సరిగ్గానే యాదికుంది.

మరుసటి రోజు కుడి చెవి మీద చిన్న త్రికోణం పెట్టాను. తేలిగ్గా కనబడాలని ఎర్ర రంగు వేశాను. ఇక 'తీసివెయ్యి' అని నొక్కడమే. నొక్కలేదు. రెండో రోజూ నొక్కలేదు. మూడో రోజు దుకాణం ఆమె విసుక్కుంది.

"ఒక్క నొక్కుడు సారూ. నచ్చకుంటే ఎనుకకు వస్తది."

"ఎన్నిసార్లు వస్తది?"

"ఫైలు మూసేదాక ఎన్నిసార్లన్న వస్తది. మూసి మళ్ల తెరిస్తే ఇగ రాదు. ఎందుకట్ల చూస్తరు? గొర్రెను కోస్తున్నట్టు."

కంప్యూటర్ ఆపి వచ్చేశాను. చెల్లె పెండ్లప్పుడు చెప్పాలనుకున్నాను, మా బావ పోయినప్పుడు అనుకున్నాను, అవ్వ మంచం పట్టినప్పుడు ఇద్దరికీ కలిపి చెప్పాలనుకున్నాను. ప్రతిసారీ ఏదో ఒక కారణం దొరికింది. ఇప్పుడు కారణం దొరకలేదు. తెలిసి ఆ చెవిని రెండోసారి కోయడం, అదీ ఆమె అడిగిందని కోయడం, నావల్ల కాదు. మరుసటి పొద్దున సిరిసిల్ల వెళ్లాను.

చెల్లె ముందర గదిలో గోడకు ఆనుకుని కూర్చుని పొత్తిగుడ్డలు మడతపెడుతోంది. పక్కింట్లో మగ్గాలు నడుస్తున్నాయి. ఆ చప్పుడుకు ఆ వీధిలో అందరూ కొంచెం గట్టిగానే మాట్లాడతారు. కోడలు బజారుకు పోయింది.

"ఫోన్ల చెప్తే కాదా? గింత ఎండల వచ్చినవ్," అంది.

నేను ఎదురుగా కూర్చున్నాను.

"చెల్లె, ఆ గాటు పెట్టింది నేను."

"నువ్వే గదా. బాపు ఇంట్ల లేకుండె. నాకు తెల్వదా?"

"తప్పు పిల్లకు పెట్టిన. అవ్వ కుడికాలు మచ్చది అన్నది. అవి నాకు ఎదురుగ నిలబడ్డయి. నేను నా కుడి చూసుకున్న. పోచమ్మ మార్చుకోలే. నేనే మార్చిన."

మగ్గాల చప్పుడుకు వినబడిందో లేదో అనుకున్నాను. ఆమె చేతులు ఆగలేదు. మూడు గుడ్డలు మడిచింది. నాలుగోది ఒళ్లో పెట్టుకుంది.

"అవ్వకు ఎరుకనా?"

"లే. చెప్పినదాన్నే కోసిన అని అబద్ధమాడిన. నువ్వు పక్కకే ఉన్నవు."

"ఉన్న," అంది. "అయితే ఆమె నాది ఏరుకోలే."

"ఏరుకోలే."

ఆమె ఒళ్లోని గుడ్డను చూస్తూ మాట్లాడింది. కోపంగా కాదు. సరుకుల జాబితా చెప్పినట్టు చెప్పింది.

"పోరడు పుట్టినప్పుడు పదిహేను రోజులు వాని మొకం సక్కగ చూడలే. పాలిచ్చేటప్పుడు గోడ దిక్కు చూసిన. నా కండ్లల్ల కనవడితే ఆమె చూస్తదని. వాడు పాకినా, నడిసినా, బడికి పోయినా ఒక్కనాడు దగ్గరికి తీసుకోలే. కన్నా అనలే. జరమొస్తే అత్త పక్కల పండుకోబెట్టి నేను బయట కూసున్న. నా పక్కల ఉంటే నాది అనుకుంటదని. వాడు గిప్పుడు పొద్దుగాల లేస్తడు, కాలు మొక్కుతడు, బియ్యం తెస్తడు. మాట్లాడడు. ఏం మాట్లాడుతడు? నేను ఎన్నడు మాట్లాడిన్నని?"

నేను ఏదో అనబోయాను. ఆమె చేయి ఎత్తింది.

"గిప్పుడెందుకు చెప్తివి?"

"బొమ్మకు గాటు పెట్టలేకపోయిన."

"బొమ్మకు పెట్టలేక వచ్చినవా?" అంది. "గొర్రెకు పెట్టి అరవై ఏండ్లు ఊకున్నోనివి."

కోడలు సంచితో లోపలికి వచ్చింది. మా ముఖాలు చూసి గుమ్మంలోనే ఆగింది. చెల్లె లేచి, "అన్నకు చాయ పెట్టు. బస్సుకు పోతడు," అని లోపలి గదిలోకి వెళ్లింది. నేను చాయ తాగి వచ్చేదాకా బయటికి రాలేదు.

తిరుగు బస్సులో, మనసు తేలికపడిందా అని నన్ను నేను అడిగాను. పడింది. అది ఒప్పుకోవాలి. నా మీది బరువు దిగింది, దిగినచోట ఆమె ఉంది.

పదకొండు రోజులు సిరిసిల్ల నుంచి ఫోన్ రాలేదు. నేను చేస్తే ఎత్తలేదు. ఆ పదకొండు రోజులూ పది గంటలకు దుకాణానికి పోయి ఫైలు తెరిచి కూర్చున్నాను. ఎర్ర త్రికోణం చెవి మీదే ఉంది. దుకాణం ఆమె నాలుగు రోజులు చూసి, తర్వాత అడగడం మానేసింది. ఒకరోజు తన డబ్బాలోని ఉప్పుడుపిండి సగం నాకు పెట్టింది. పన్నెండో రోజు కోడలు ఫోన్ చేసింది.

"పెద్దబాపూ, అచ్చు వేసెటాయన అడుగుతున్నడు. బొమ్మ పంపాలెనట."

"మీ అత్తను అడిగినవా?"

"అడిగిన. ఎట్ల జరిగిందో గట్లనే గీయమన్నది." ఆమె గొంతు తగ్గించింది. "అత్త మంచిగ లేదు పెద్దబాపూ. మీరు వచ్చిపోయిన కాడికెల్లి గట్లనే ఉన్నది. పొద్దుగాల మా ఆయన కాలు మొక్కవోతే చెయ్యి పట్టి కూసోవెట్టింది, తలకు నూనె పెడత అన్నది. నలభై అయిదేండ్ల మనిషి. ఏం జేయాలెనో తెల్వక లేచి బయటికి పోయిండు. అత్త నూనెగిన్నె పట్టుకొని గట్లనే కూసున్నది. నిన్న గూడ గంతే. ఏమైంది పెద్దబాపూ?"

"ఆమెనే చెప్తది బిడ్డా," అన్నాను. చెప్పవలసినవాణ్ని మళ్లీ నేనే అని తెలుసు.

ఎట్ల జరిగిందో అట్లనే గీశాను. మచ్చ ఎడమకాలికే ఉందని మూడుసార్లు చూసుకున్నాను. త్రికోణాన్ని, చెవిని కలిపి పట్టుకుని నొక్కాను. చప్పుడేమీ కాలేదు. చెవి కొసన గాటు పడింది, గాటులోంచి వెనకనున్న తెలుపు కనబడింది. అంచు నున్నగా ఉంది. దుకాణం ఆమె చెప్పినట్టు, దాన్ని ఎంత పెద్దది చేసినా అలాగే ఉంటుంది. ఫైలు భద్రపరిచి మూసేశాను.

బొమ్మ పంపిన సాయంత్రం ఫోన్ మోగింది. ఈసారి చెల్లె.

"వచ్చింది," అంది.

"సరిగున్నదా?"

ఆమె వేరేది అడిగింది. "గా రెండో పిల్ల ఏమైంది అన్నా?"

నాకు వెంటనే అర్థం కాలేదు. మొక్కింది దాన్ని. పోవలసింది అది. మిగిలింది.

"కోరుట్ల అంగట్ల అమ్మినం కావచ్చు."

"కావచ్చు అంటే?"

"రాసుకోలే."

"నువ్వు వానలు ఎన్ని పడ్డయో గూడ రాస్తవు."

"దాని సంగతి రాసుకోలే చెల్లె."

"నేను గూడ దాని దిక్కు చూడలే," అంది ఆమె. "నా పిల్ల పోయి గిది ఉన్నదని కోపముండె. గంజి తాపలే. ఉన్నదా, సచ్చిందా గది గూడ నాకు యాది లేదు." మగ్గాల చప్పుడుకు గొంతు పెంచింది. "దాన్ని గూడ గీయి. రెండిటిని పక్కపక్కకు పెట్టు."

ఆ బడి నోటుపుస్తకం తీసి మొదటినుంచి చివరిదాకా చదివాను. దాని ప్రస్తావన ఒక్కచోట కూడా లేదు.

మరుసటి రోజు రెండో పిల్లను వేశాను. కష్టం కాదు. కోడలికి మొదట పంపిన గాటు లేని బొమ్మను తీసుకుని తిప్పితే చాలు, మచ్చ కుడికాలికి వస్తుంది. ఈసారి నేను లేచి బయటికి రాలేదు. రెండు చెవులూ నిండుగా ఉన్నాయి. కళ్ల దగ్గర ఆగాను. మొదటి పిల్ల కళ్లు నాకు తెలుసు, అరవై ఏళ్లుగా తెలుసు. దీని కళ్లు ఎలా ఉండేవో ఎంత ఆలోచించినా రాలేదు. ఆ రోజు గుంజ దగ్గర నా ఎదురుగానే నిలబడింది. నేను చూసింది మోకాలి దాకానే. ఇంకోదాని కళ్లు తెచ్చి దీనికి పెట్టడం సరికాదనిపించింది. ఆరు ఆకారాలూ తీసేసి, వాటి చోట రెండు చిన్న వంపులు పెట్టాను, కింది దిక్కు వంగినవి. రెండో పిల్లకు ఇరవై ఆరు ఆకారాలు.

దుకాణం ఆమె పక్కన నిలబడి తెర మీదికి వంగింది.

"గీ రెండోది పండుకున్నదా సారూ?"

"తెల్వదమ్మా," అన్నాను.